‘జిమ్మగా’లో ‘గా’ ఎంతసేపు పాడాలి?

కీబోర్డు శిష్యుడు: రెండ్రోజులుగా ఒకటే గోల బుర్రలో. గురజాడ ‘గుత్తునా ముత్యాల సరములు / కూర్చుకొని తేటైన మాటల / కొత్త పాతల మేలు కలయిక’ వరకూ గడగడా వస్తుంది, నాలుగో పాదం ‘క్రొమ్మెరుంగులు...’ దగ్గర ఆగిపోతోంది. చిమ్మగానా, జిమ్మగానా? ఎందుకు అడుగుతున్నానంటే విశాఖ ద్వారకానగర్‌లో మా కీబోర్డు క్లాసులో ఎవరికి నచ్చిన తెలుగు పద్యం వాళ్లు స్టాఫ్ నొటేషన్‌లో రాసుకురమ్మన్నారు. లఘువుకి (పొట్టి అక్షరం, ఒక మాత్ర) క్వేవర్, గురువుకి (పొడుగు అక్షరం, రెండు మాత్రలు) దానికి రెట్టింపుండే క్రోచెట్ అనుకుని రాస్తే మూడు పాదాలూ 7/8లో, అంటే బారుకి ఏడు క్వేవర్ల లెక్కలో, చక్కగా కూర్చున్నాయి, పాదానికి రెండు బార్లు. నాలుగోదే సరిపోవట్లేదు.

రగడప్రియ: జిమ్మగా. అయినా చి అన్నా జి అన్నా పక్కన ద్విత్వం ఉంది కాబట్టి గురువే, మీ లెక్క మారదు. మిగిలిందంతా ముత్యాలసరం అనే గురజాడ ఛందస్సు లక్షణం: మాత్రలు 3+4, 3+4. చివరి పాదం కురచ. క్రొమ్మె (3) రుంగులు (4) జిమ్మ (3) గా (2), మొత్తం 12. గజల్ ప్రభావమనేవాళ్లని అననివ్వండి, నా మటుకు ఇది వృషభగతి రగడ అనే పాత ఛందస్సు పాదాన్ని సగానికి విరిచి కూర్చిందే.

బీచ్‌రోడ్డు బాణీ: 12 అని చేతులు దులిపేసుకుంటే ఎలా మాస్టారూ? బార్ 7 అడుగుతుంది. జిమ్మ 3, గా 2, ఇంకో 2 ఎవరిస్తారు? దారులు రెండే. ‘గా’ని మినిమ్ చేసి నాలుగు మాత్రలు లాగడం ఒకటి, క్రోచెట్‌తో ఆపేసి పక్కన క్రోచెట్ రెస్ట్ (రెండు మాత్రల మౌనం) పెట్టడం ఇంకోటి. వెస్టర్న్‌లో రెస్ట్ అంటే ఖాళీ కాదు, దానికీ లెక్క నడుస్తుంది, వేలు ఆగినా కాలు ఆగకూడదు. నా ఓటు రెస్ట్‌కే.

రగడప్రియ: పాదాంతంలో విరామం మాకు గురజాడకి ముందు నుంచే ఉందండీ, దానికి రెస్ట్ అని పేరు పెట్టించుకోనక్కర్లేదు. పైగా ‘గా’ దీర్ఘం. లాగడానికే ఉంది అక్కడ.

బీచ్‌రోడ్డు బాణీ: మీ విరామానికి కొలత లేదు కదా, ఎవరి ఊపిరిని బట్టి వాళ్లది. బారులో విరామానికి కొలత ఉంది. తేడా అంతా అక్కడే. మీటర్ అనేది మీరు పలికినా పలక్కపోయినా వెనకాల నడిచే బలమైన, బలహీనమైన దెబ్బల వరస. రిథమ్ అంటే దాని మీద మీరు నిజంగా పలికిన పొడుగులూ పొట్టులూ. పాదం 12కి ఆగింది, అది రిథమ్. మీటర్ 14కి వెళ్లే ఆగుతుంది.

కీబోర్డు శిష్యుడు: మరి 7/8 అని రాయడం కరెక్టేనా? మా సర్ 4/4లో (బారుకి నాలుగు క్రోచెట్లు) రాయమంటున్నారు, స్కూల్లో అందరూ అలాగే పాడతారట.

సిరిపురం సిలబస్: పాడతారు, మొదటి మూడు మాత్రల్ని నాలుగుకి సాగదీసి. ‘దేశమును ప్రేమించుమన్నా’ని డ్రిల్లు డప్పు మీద వినండి, ‘దేశ’ దగ్గర ఒక మాత్ర ఉచితం. కవాతుకి రెండు కాళ్లే ఉన్నాయి, ఏడు కుదరదు. అన్నట్టు నేవీ డే రోజుల్లో ఆర్కే బీచ్‌లో బ్యాండు వాయించే మార్చ్‌లు అన్నీ 4/4 అనుకోకండి, 6/8లోనూ ఉంటాయి. 6/8లోనూ 3/4లోనూ ఆరేసి క్వేవర్లే, కానీ 6/8లో అవి మూడేసి చొప్పున రెండు బీట్లు, 3/4లో రెండేసి చొప్పున మూడు. అందుకే 6/8కి అడుగు పడుతుంది, 3/4కి పడదు.

బీచ్‌రోడ్డు బాణీ: 7/8 రాసుకో శిష్యా, భయం లేదు. గ్రీకువాళ్ల కలమటియానోస్ నాట్యం 7/8లోనే, 3+2+2. మన కర్ణాటక సంగీతంలో మిశ్ర చాపు తాళం కూడా అదే కదా. బల్గేరియాలో రచెనిత్సా తిరగేసి 2+2+3. అంకెల్లో మాత్రం రెండూ 7/8 అనే రాస్తారు, లోపల ఎలా విరిగిందో అంకె చెప్పదు. క్వేవర్ల కాడల్ని కలుపుతూ గీసే బీమ్‌లు 3, 4గా కట్టు, చూసినవాడికి గురజాడ కనిపిస్తాడు.

రగడప్రియ: లఘువు గురువు లెక్క పాశ్చాత్యులకి కొత్తేం కాదు లెండి. 13వ శతాబ్దంలో ప్యారిస్ నోత్రదామ్ వాళ్ల రిథమిక్ మోడ్‌లు చూడండి, లాంగా, బ్రెవిస్ అని పొడుగూ పొట్టీ, వాటితో ఆరు వరసలు. మీ 4/4కి బదులు వేసే ‘సీ’ గుర్తు కూడా ఇంగ్లిష్ అక్షరం కాదు, విరిగిన వలయం. ఆ తర్వాతి శతాబ్దపు రాతలో నిండు వలయం మూడు భాగాలకి, విరిగింది రెండుకి.

సిరిపురం సిలబస్: బాగుంది గానీ, విశాఖలో కూర్చుని లయ మాట్లాడుతూ ఇంతవరకూ శ్రీశ్రీ పేరు ఎత్తలేదేంటండీ? ‘మరో ప్రపంచం’ మాత్రలు చూడండి, మరోప్ర (4) పంచం (4). మొదటి నాలుగూ ల-గ-ల, అంటే జగణం. ‘పదండి’ కూడా జగణమే. కందంలో బేసి గణాల్లోకి జగణాన్ని రానివ్వరు, ఈయన దాన్ని తెచ్చి గుమ్మంలోనే నిలబెట్టాడు. నొటేషన్‌లో రాస్తే క్వేవర్, క్రోచెట్, క్వేవర్. అది పాఠ్యపుస్తకాల్లో ఉండే సింకోపేషన్! దెబ్బ పడాల్సిన చోట పొట్టి అక్షరం, పడకూడని చోట పొడుగుది. ఆ తోపుడంతా అక్కడి నుంచే వస్తోందని నా వాదన.

రగడప్రియ: తెలుగులో ఇంగ్లిష్‌లా ఊనిక లేదు. ఊనిక లేని చోట సింకోపేషన్ ఎక్కడిది?

సిరిపురం సిలబస్: పొడుగే ఊనిక. వెస్టర్న్ థియరీలోనే అగోజిక్ యాక్సెంట్ అంటారు, గట్టిగా కొట్టకపోయినా పొడుగ్గా ఉన్న స్వరం దానంతటదే బరువెక్కుతుంది. ‘రో’ అలాంటిదే.

బీచ్‌రోడ్డు బాణీ: దానికన్నా గమ్మత్తు ‘కదం తొక్కుతూ’. 1-2-2-1-2, ఎనిమిది మాత్రలు. నాలుగు దగ్గర గీత గీస్తే ‘తొక్’ మధ్యలోంచి పోతుంది, బీట్ దాటించి టై (రెండు స్వరాల్ని ఒకటిగా కలిపే వంపు గీత) కట్టాలి. నేనైతే గీత చెరిపేసి కదం (3) తొక్కు (3) తూ (2) అంటాను. 3+3+2! క్యూబా వాళ్లు ట్రెసీయో అనే లయ అచ్చంగా ఇదే. ‘పదం పాడుతూ’ కూడా అంతే, కొట్టి చూసుకోండి.

రగడప్రియ: ఏటి గురూ, శ్రీశ్రీని తీసుకెళ్లి క్యూబాలో దింపేశారు! ఆ వెంటనే ‘హృదంతరాళం గర్జిస్తూ’లో ‘హృదంత’, మళ్లీ నాలుగు, మళ్లీ జగణం. ముందు ఎనిమిదీ నాలుగూ నాలుగుగా చెవిలో నడవకపోతే అది అంత తేలిగ్గా ఎలా అతుకుతుంది? నాది టై పక్షమే.

కీబోర్డు శిష్యుడు: అయ్యా, ‘గా’ పక్కన రెస్ట్ పెట్టనా, వద్దా? సాయంత్రం ఐదింటికి క్లాసు.

బీచ్‌రోడ్డు బాణీ: పెట్టు.

రగడప్రియ: పెట్టకండి, లాగండి.

సిరిపురం సిలబస్: అది తర్వాత చూద్దాం, ముందు ఈ బీచ్‌రోడ్డు ఆయన్ని ‘గర్జిస్తూ’ మాత్రలు లెక్కపెట్టమనండి. ఆరొస్తాయి. ఆ మిగిలిన రెండూ ఎవరి ఖాతాలో రాస్తారో చెప్పాక క్యూబా సంగతి మాట్లాడుకుందాం.