అప్‌డేట్: కసిమి నలుపు కాగితం మీద నిలిచింది

రెండు నెలల కిందట అడిగింది నేనే. మాది తిరుపతి, ఇంగ్లండ్‌లో ఉంటూ బొమ్మలు వేస్తుంటాను. మన వ్రాతపని (కలంకారీ), ఈస్టిండియా కంపెనీ కాలం కలిపి ఒక పెద్ద బొమ్మ వేస్తున్నా, కలంకారీ నలుపు, అంటే కసిమి, కాగితం మీద పనిచేస్తుందా అని అడిగాను. "ముందు కరక్కాయ పెట్టు" అన్నవాళ్లకు దండాలు.

సెలవుకు వచ్చి శ్రీకాళహస్తిలో ఒక పెద్దాయన దగ్గర కసిమి తెచ్చుకున్నా. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టిందే. మొదటి కాగితం పాడైంది, తప్పు నాదే. పాలెందుకులే అని వట్టి కరక్కాయ నీళ్లు పూశా, గీతంతా పాకిపోయింది. గేదె పాలు కలిపి పూశాక కుదురుగా నిలిచింది. (తాగే పాలు కాగితానికా అని అమ్మ ఒకటే గొణుగుడు.)

అప్పుడు తట్టింది: ఇనుము, కరక్కాయ వగరు కలిస్తేనే ఈ నలుపు. కంపెనీ గుమాస్తాలు లెక్కలు రాసిన సిరా కూడా ఇనుము, వగరు కాయలతో చేసిందే! దాంతో బొమ్మే మార్చేశా. ఒక పక్క చంద్రగిరి రాజమహల్. ఇంకో పక్క, 1721లో బ్రిటన్ కట్టుకోకూడదని చట్టం చేసిన రంగు నూలు గుడ్డ. నడుమ చిట్టా పేజీ, ఎందుకంటే 1801 నుంచి 1843 దాకా తిరుమల ఆలయ పెత్తనం కంపెనీదే. మూడూ ఒకే నలుపుతో.

ఎరుపు మాత్రం మానేశా. దానికి పటిక పెట్టి, రంగు వేళ్లతో ఉడకబెట్టాలి. గుడ్డ ఆగుతుంది, కాగితం ఆగదు.