నారేపి చెట్టుకి నర్సరీ మొక్క మంచిదా, గింజే చేలో వేయాలా?

మెట్టచేను:
మాది అనంతపురం వైపు, ఎర్రనేల, వేరుశనగ చేను. గట్ల మీద నారేపి పెంచాలని ఉంది. మా తాతల కాలంలో చేలల్లోనే ఉండేవంట, కరువొస్తే ఆకు కొట్టి పశువులకేసేవాళ్ళు, బెరడు నారతో మోకులు పేనేవాళ్ళు. ఇప్పుడు మా పక్క మిగిలినవన్నీ ముసలి చెట్లే, కింద ఒక్క పిల్ల మొక్క లేదు. కొందరు కవర్ మొక్క నాటమంటారు, కొందరు గింజే వేయమంటారు, ఏం చేయాలి?

పచ్చగట్టు:
మొక్కే నాటు తమ్ముడూ. నారేపి ఏటా కాయదు, బాగా కాసేది 3 నుంచి 5 ఏళ్లకోసారి, ఆ ఏడు వాన మొహం చాటేస్తే మొలిచింది కూడా పోతుంది. గింజ ఎక్కువకాలం నిలవ కూడా ఉండదు. కాసిన ఏడే గింజ పట్టి నర్సరీలో వేసుకుంటే నీళ్ళు మన చేతిలో ఉంటాయి. చేలో చల్లితే ఎలుకలు తినగా మిగిలింది మేకలపాలు.

ఎర్రనేల:
కాపు సంగతి, మేకల సంగతి అన్న చెప్పింది నిజమే, కానీ ఈ చెట్టు గుట్టంతా తల్లివేరులో ఉంది. మొలిచిన మొదటి ఏడు పైకి పెద్దగా లేవదు, సీతాకోకచిలుక రెక్కల్లాంటి జంటాకులు కొన్ని కనిపిస్తాయి అంతే, ఆ టైమంతా లోపల వేరు తేమ వెతుక్కుంటూ కిందికి పోతానే ఉంటది. అట్లాంటి దాన్ని కవర్‌లో పెడితే వేరు అడుగు తాకి చుట్టలు చుట్టుకుంటుంది, చింపి చూస్తే తెలుస్తుంది, ఆ చుట్టతోనే నాటితే రెండు వానల మధ్య ఎండకి తట్టుకోలేదు. ఇంకోటి, ఎండాకాలంలో పైన కాడ ఎండిపోతుంది, మనోళ్ళు చచ్చిందనుకుని దున్నేస్తారు, వేరు బతికే ఉంటే వాన పడగానే మొదట్లోంచి మళ్ళీ చిగురేస్తుంది, కొన్నేళ్ళు ఇదే తంతు, వేరు బలం పట్టాకే పైకి లేస్తుంది. నా లెక్కలో పిల్ల మొక్కలు లేకపోవడానికి కరువు ఎంత కారణమో మన ట్రాక్టరూ అంతే కారణం.

పచ్చగట్టు:
చిన్న కవర్ వద్దు, ఒప్పుకుంటా. పొడుగు కవర్‌లో వేసి, వేరు అడుగుకి చేరకముందే ఆ వానాకాలంలోనే నాటితే? గింజ దొరకని ఏళ్ళు అన్ని ఉన్నప్పుడు, దొరికిన కాస్త గింజ ఎలుకలకి పెట్టడం నాకు మనసొప్పదు.

ఎర్రనేల:
అన్నా, గింజ కొంచెమే ఉంటే నువ్వన్నట్టే చేయాలి, కాదనను. కానీ కాపు విరగకాసిన ఏడు మాత్రం గట్టు మీదే వేయాలి. తమ్ముడూ, ఏప్రిల్, మేలో కాయ పట్టుకో, పలచగా రెక్కలా ఉంటుంది, గింజ ఒక కొసన ఉంటుంది. పదును వాన పడ్డాక గుంటకి నాలుగైదు వేసి పైపైన మన్ను కప్పు, కలుపు కమ్ముకోనీకు, నీడ పడితే లేవదు. చుట్టూ కంప వెయ్యి. ఎండాకాలంలో కాడ ఎండితే పీకొద్దు, పక్కన గుర్తుకి రాయి పాతు, సేద్యం చేసేవాళ్ళకి ఆ రాళ్ళ జోలికి పోవద్దని ముందే చెప్పు.