కందంలో ఒక్క అక్షరం: లేదెనా, కాదెనా?

పాతబఫర్:
ఒక కందం చాన్నాళ్లుగా నోట్లో నానుతోంది. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మీద ఎవరో సరదాకి కట్టిన పేరడీ. మూలం ఏ పద్యమో ఈ గుంపులో చెప్పక్కర్లేదు.

ఇందే మెయిలును షెల్లును
సందేహము వలదు గురువ సర్వము గలదోయ్
యెందెందు వెదకి చూచిన
నందందే దొరకు లేదె యచ్చపు టెడిటర్

నాలుగో పాదంలో "లేదె" అనే విన్నట్టు గుర్తు. మొన్న మా తమ్ముడు "కాదె కదా అన్నయ్యా" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే పీకులాట. ఈమాక్స్ తెరవగానే వచ్చే స్క్రాచ్ బఫర్‌లో, అంటే ఆ చిత్తుకాగితంలో, దీన్ని పెట్టుకుందామని నా ఆశ. రోజూ పొద్దున్నే తప్పు పాఠం మొహం చూడటం బాగోదు. ఏది సరి?

ద్రుతం:
ఛందస్సుతో తేలదండీ. "కు లేదె", "కు కాదె" రెండూ జగణాలే, ఉండాల్సిన చోటే ఉన్నాయి. యతికీ దానికీ సంబంధం లేదు. యతి "నందందే"లోని అకారానికీ "యచ్చపు"లోని అకారానికీ. పోతన గారు "దానవాగ్రణి"లో అగ్రణి అకారాన్ని దాచిపెట్టినట్టే ఇతనూ దాచాడు. మూలంలో యతి ఎక్కడ కూర్చుందో తెలిసినవాడే కట్టాడన్నమాట. కాబట్టి "అచ్చపు" ఖాయం. ఎవరైనా "స్వచ్ఛపు" అని పాడితే నమ్మకండి.

విమ్‌దాసు:
లేదె. ఇందులో చర్చేముంది? "ఈమాక్స్ మంచి ఆపరేటింగ్ సిస్టమే, ఒక మంచి ఎడిటర్ కూడా ఉంటే బాగుండు" అన్న పాత వెక్కిరింతకి ఇది తెలుగు రూపం. మూడు పాదాలు పొగిడి నాలుగోదాంట్లో మొట్టికాయ వేయడం. "కాదె" అన్నారంటే ఆ మొట్టికాయ పోయి భజన మిగులుతుంది.

లిస్పమ్మ:
భజనైతే ఏం? నా ల్యాప్‌టాప్‌లో గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్ ఏదీ లేదు. లాగిన్ అవగానే ఈమాక్సే. ఈఎక్స్‌డబ్ల్యూఎం అనే ప్యాకేజీ పెట్టుకున్నాక కిటికీలన్నీ సర్దే విండో మేనేజర్ పని కూడా ఈమాక్సే చేస్తోంది. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే అదీ ఒక బఫరే, అంటే ఈమాక్స్‌లో తెరిచిన ఒక పుటే. పక్కన ఆర్గ్ నోట్సు ఫైలు, కింద కమాండ్లు కొట్టే షెల్లు. కంట్రోల్ ఎక్స్, బి నొక్కితే బ్రౌజరూ ఉత్తరమూ పీడీఎఫూ అన్నీ ఒకే వరసలో నిలబడతాయి.

ఇక "కాదె" ఎందుకంటే చెప్తాను. మొన్న మా అక్క కూతురి పెళ్లి ఫోటోలు ఫోల్డర్ నిండా వచ్చాయి, అన్నిటి పేర్లూ ఐఎంజీతో మొదలు. ఈమాక్స్‌లో ఫైళ్లు చూపే డైర్డ్‌లో ఫోల్డర్ తెరిచి కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ క్యూ నొక్కాను. అంతే, ఫైళ్ల జాబితా మొత్తం మామూలు రాతలా దిద్దుకోవడానికి వచ్చేసింది. ఐఎంజీ ఉన్నచోటల్లా "పెళ్లి" అని మార్చి, కంట్రోల్ సి రెండుసార్లు. డిస్కు మీద పేర్లన్నీ మారిపోయాయి. పేర్లు మార్చడానికి వేరే యాప్ వెతుక్కోలేదు, అక్షరాలు దిద్దానంతే. ఉత్తరమైనా ఫైళ్లైనా క్యాలెండరైనా అన్నిటినీ రాతగా చూసి దిద్దనిచ్చేది ఎడిటర్ కాదె మరి? పద్యం చెప్పేది అదే.

ద్రుతం:
లిస్పమ్మ గారి డైర్డ్ బాగుంది గానీ వ్యాకరణం కూడా చూడాలి కదా. "లేదె" అన్నా అది "లేదు" అని చెప్పినట్టు కాదు. మూలంలో చివరి మాట "వింటే". ఇప్పటి మనం "వింటే బాగుంటుంది" అనే వింటే కాదది. వింటివి మీద ప్రశ్నార్థకమైన ఏ చేరింది, "విన్నావా" అని. కొడుకు తండ్రిని, అదీ అంతటి దానవరాజుని, నిండు కోపంలో ఉన్నప్పుడు "విన్నావా నాన్నా" అంటున్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత చనువు, ఎంత నిబ్బరం! పోతన గారు పద్యాన్ని "దానవాగ్రణి" దగ్గర ఆపేస్తే అది సిద్ధాంతం అయ్యేది. వింటే వల్ల సంభాషణ అయింది. పేరడీకారుడు ఆ ఏకారాన్ని పట్టుకునే "లేదె" అన్నాడని నా అభిప్రాయం. అంటే "లేదా ఏం?" అని. అప్పుడు లేదె అన్నా పొగడ్తే.

విమ్‌దాసు:
మాస్టారూ, లేదు అన్నదాన్ని ఉంది అని తేల్చారు, మీకో నమస్కారం.

కొత్తకీబోర్డు:
నేను చిన్నవాణ్ణి, ఒక ఊహ చెప్తాను. ఈ పద్యం ఆర్టీఎస్‌లో, అంటే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే పద్ధతిలో, తిరిగిన రోజుల్లోది అయ్యుంటుంది. కీబోర్డు మీద కే, ఎల్ పక్కపక్కనే ఉంటాయి. వేలు జారి ఒకటి ఇంకోటి అయ్యుంటుంది.

ద్రుతం:
హల్లు జారింది సరే తమ్ముడూ, అచ్చు ఎలా జారింది? లే రాయాలంటే పెద్ద ఈ కొట్టాలి, కా అంటే పెద్ద ఏ. అవి రెండూ పక్కపక్కన లేవు. రెండుసార్లు జారి, రెండుసార్లూ అర్థమున్న మాటే పడిందంటే ఆ వేలికి సరస్వతీ కటాక్షం ఉండాలి.

విమ్‌దాసు:
మా విమ్ ఎడిటర్‌లో కే నొక్కితే పైకి, ఎల్ నొక్కితే కుడికి. పొరపాటుకి చోటే లేదు. విమ్‌కి ముందున్న వీఐ నాటి నుంచీ, అంటే 1976 నుంచీ, మావి ఇవే మీటలు.

లిస్పమ్మ:
1976 అంటే మాకూ అదే ఏడు. ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో స్టాల్‌మన్, గై స్టీల్ కలిసి టీకో అనే ఎడిటర్ మీద మాక్రోలు పేర్చారు. ఎడిటింగ్ మాక్రోలు గనక ఈమాక్స్. పుట్టుకే ఎడిటర్‌లో జరిగింది. 1985లో గ్నూ ఈమాక్స్ వచ్చేసరికి లోపల లిస్పు భాష పెట్టారు, అక్కణ్ణుంచి ఇల్లు పెరిగింది. పేరులోనే ఎడిటర్ ఉన్నదాన్ని పట్టుకుని లేదె అనడం ఎలా?

యయాతి:
అందరూ లే, కా అని కొట్టుకుంటున్నారు. అసలు మాట "అచ్చపు". అచ్చతెలుగులో ఉన్న అచ్చం అది. మరేదీ కలవనిది, కేవలం అదే అయినది. అచ్చపు ఎడిటర్ అంటే ఎడిటర్ తప్ప ఇంకేమీ కానిది. కాబట్టి "లేదె యచ్చపు టెడిటర్" తిట్టూ కాదు, ప్రశ్నా కాదు. "అన్నీ దొరుకుతాయి, ఉత్త ఎడిటర్ మాత్రం కాదిది" అని ఉన్నమాట చెప్తోంది. తమాషా చూడండి, అచ్చపు అంటూనే ఇంగ్లీషు ముక్కకి టుగాగమం తగిలించాడు. పొన్నిగంటి తెలగన యయాతిచరిత్రని ఒక్క తత్సమం పడకుండా రాసి పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కి అంకితమిచ్చాడు. ఈ మహానుభావుడు అచ్చం పక్కనే ఎడిటర్‌ని కూర్చోబెట్టాడు.

లిస్పమ్మ:
అమీన్‌ఖాన్ పేరు వచ్చాక మీరు ఆగరని మాకు తెలుసు. తెలగన సంగతి ఇంకో దారంలో పెట్టుకుందాం. నాకు మాత్రం పోతన దగ్గరే ఒక సందేహం ఉంది. ఆయన "సర్వోపగతుండు" అన్నాడు, "సర్వాంతర్గతుండు" అనలేదు. అన్నిటి లోపలా దూరి ఉండటం వేరు, అన్నిటినీ చేరుకుని ఉండటం వేరు. ఈఎక్స్‌డబ్ల్యూఎం చేసేది రెండోది. ఫైర్‌ఫాక్స్ లోపల ఏముందో దానికి పట్టదు. కిటికీని చేరుకుని బఫర్‌గా కూర్చోబెడుతుంది.

ద్రుతం:
"సర్వాంతర్గతుం" అక్కడ ఇమడదు తల్లీ. "తర్గతుం" ఐదు మాత్రలు. ఉపగతం గణాల కోసం కూడా వచ్చి ఉండొచ్చు.

లిస్పమ్మ:
పోతన గారికి గణాల కరువా? ఆయన కావాలనుకుంటే పాదం మొత్తం తిప్పేవాడు. నేను ఒప్పుకోను.

కొత్తకీబోర్డు:
పద్యంలో మెయిల్, షెల్ ఉన్నాయి గానీ వెబ్ లేదు గమనించారా? ఈమాక్స్‌లో ఈడబ్ల్యూడబ్ల్యూ బ్రౌజర్ 24.4తో, అంటే 2014లో వచ్చింది. కాబట్టి పద్యం అంతకు ముందుది.

పాతబఫర్:
డబ్ల్యూ3 అనే ఈమాక్స్ బ్రౌజర్ తొంభైల్లోనే ఉంది నాయనా. నిదానమే గానీ పేజీలు చూపించేది. దాన్నిబట్టి కాలనిర్ణయం కుదరదు. పైగా కందంలో ఈడబ్ల్యూడబ్ల్యూని ఇరికించి చూపించు.

విమ్‌దాసు:
కాలం సంగతి వదిలేయండి, అనుభవం అడగండి. లిస్పమ్మ గారి లాగా నేనూ కొన్నాళ్లు విండో మేనేజర్‌గా వాడాను. ఈమాక్స్‌లో ఉత్తరాలు చదివే గ్నస్, మెయిల్ ఉండే ఐమ్యాప్ సర్వర్ దగ్గర ఉత్తరాలు అడుగుతూ బిగుసుకుంది. మామూలుగా అయితే ఒక ప్రోగ్రామ్ ఆగితే పక్కదాంట్లోకి పోతాం. ఇక్కడ ఆగింది విండో మేనేజరే. కిటికీ మారదు, షెల్లు పలకదు, ఈ మీట నొక్కినా ఆ మీట నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒకే త్రెడ్ మీద ఊరంతా నడిపితే ఇంతే. ఆ క్షణాన "లేదె" అని నా అంతట నేనే పాడుకున్నాను.

లిస్పమ్మ:
ఉత్తరాలు తేవడం ఈమాక్స్‌కి అప్పగించారు గనక అలా అయింది. ఉత్తరాలు దించే ఎంబీసింక్‌ని విడి ప్రాసెస్‌గా నడుపుకుని, ఈమాక్స్‌లో నాట్‌మచ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో చదువుకోండి. వచ్చిన ఉత్తరం డిస్కు మీద ఉంటుంది, తెరవడానికి నెట్ అక్కర్లేదు. బిగుసుకుంటే పని ఆపేసే కంట్రోల్ జి ఉండనే ఉంది.

విమ్‌దాసు:
అంటే బయటి ప్రోగ్రామ్ కావాల్సొచ్చింది. "సర్వము గలదోయ్" ఏమైనట్టు?

యయాతి:
దీనికి లిస్పమ్మ గారి సమాధానం కోసం చూస్తున్నాను.

లిస్పమ్మ:
"గలదు" అంటే "దానిలోనే వండింది" అని ఎవరన్నారు? ఇంట్లో కూర్చుని అందుకోగలిగితే ఉన్నట్టే. చెప్పాను కదా, ఉపగతం.

పాతబఫర్:
సర్వమూ ఉందన్నప్పుడు నాకో పాత కోపం గుర్తొస్తుంది. ఈమాక్స్ క్యాలెండర్‌లో మాయన్ తేదీ ఉంది, ఫ్రెంచి విప్లవం నాటి తేదీ ఉంది, కాప్టిక్ ఉంది. పెద్ద ఎం నొక్కితే అమావాస్య, పౌర్ణమి కూడా చెప్తుంది. ఏకాదశి ఎప్పుడంటే మాత్రం నోరు మెదపదు. మా ఆవిడ గోడ మీది పంచాంగం చూసి నవ్వుతుంది.

కొత్తకీబోర్డు:
చంద్రుడి కళలు లెక్కగడుతోంది కదా, తిథి ఎందుకు రాదు? పన్నెండేసి డిగ్రీలకు ఒక తిథి. లిస్పులో ఒక ఫంక్షన్ రాస్తే చాలు.

ద్రుతం:
రాయి నాయనా. కానీ సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూడాలి, ఆ ఊరి అక్షాంశం కావాలి, దృక్‌సిద్ధాంతమా సూర్యసిద్ధాంతమా ముందు తేల్చుకోవాలి. లే, కా గొడవ దాని ముందు ఎంత!

కొత్తకీబోర్డు:
ఇంకొక్కటి. తెలుగు పద్యాన్ని స్క్రాచ్ బఫర్‌లో పెట్టేముందు వర్షన్ చూసుకోండి. ఈమాక్స్ 27లో, 2020లో, అక్షరాల్నీ వత్తుల్నీ సరిగ్గా పేర్చే హార్ఫ్‌బజ్ వచ్చింది. నా పాత మిషన్‌లో వర్షన్ అంతకు ముందుది, వత్తులు చెట్టుకొకటి పుట్టకొకటి పడేవి. "యచ్చపు"లో చ వత్తు చూస్తే అది ఏ అక్షరమో పోల్చుకోవడం కష్టం అయ్యేది.

పాతబఫర్:
నాది 29, వత్తులకు ఢోకా లేదు. ఇంగ్లీషు మీటలతో తెలుగు కొట్టడానికి ఐట్రాన్స్ పెట్టుకున్నాను, కంట్రోల్, వెనక గీత నొక్కితే ఇటూ అటూ మారుతుంది. ప్రస్తుతానికి "లే"తో పెట్టాను. యయాతి గారి అచ్చపు వాదం నచ్చింది గానీ మా తమ్ముడు ఒప్పుకోవడం లేదు.

యయాతి:
మూడో పాఠం కూడా కుదురుతుంది, "నందందే దొరకదేమి యచ్చపు టెడిటర్". "కదేమి" జగణమే.

విమ్‌దాసు:
ఇది నాకు నచ్చింది. ఇందాకటి లేదె వెనక్కి తీసుకుంటున్నా.

ద్రుతం:
అందందే దొరకకపోతే మూడో పాదంలో వెతికింది దేన్ని మరి? అన్వయం చెడింది. వద్దు.

లిస్పమ్మ:
నాలుగో పాదం సరే, రెండో పాదంలో ఈ "గురువ" ఎవరు? నేను విన్న పాఠం "వలదు లిస్పు సర్వము గలదోయ్". "దు లిస్పు" జగణం, నిక్షేపంలా ఉంది. పాతబఫర్ గారూ, మీ తమ్ముణ్ణి అదీ అడగండి.