మొదటి గిటార్ మెడ: తల వంచాలా, తిన్నగా వదలాలా?

కొత్త ఉలి:
మొదటిసారి ఎలక్ట్రిక్ గిటార్ మెడ చేస్తున్నాను. 25 మి.మీ. మందం ఉన్న మేపుల్ పలక తెచ్చుకున్నాను. హెడ్‌స్టాక్‌ను, అంటే మెడ చివర తీగలు బిగించే తలను, ఫెండర్ కంపెనీ గిటార్ల మాదిరిగా తిన్నగా వదలాలా, గిబ్సన్ వాళ్ల మాదిరిగా వెనక్కి వాల్చాలా అన్నది తేలడం లేదు. వాలు ఉంటేనే నాదం ఎక్కువసేపు నిలుస్తుందని ఒక మిత్రుడి పట్టుదల. మీరేమంటారు?

పాత చిత్రిక:
తిన్నగా వదలండి. 1950 నాటి తొలి ఫెండర్ మెడలు ఒకే మేపుల్ పలకలోంచి కోసినవే. తల 180 మి.మీ. పొడవు అనుకుంటే, 13 డిగ్రీల వాలుకు కొస 40 మి.మీ. కిందికి దిగుతుంది. తల మందం కూడా కలిపితే 55 మి.మీ. దిమ్మె కావాలి. సగానికి పైగా రంపపు పొట్టే. ఇక నాదం నిలవడం సంగతి మీ మిత్రుడిని కళ్లు మూసుకుని విని చెప్పమనండి.

ఆరో తీగ:
చెక్క మిగులుతుంది, సరే. తిన్నని తలలో సన్న తీగలు నట్ మీద, అంటే తల మొదట్లో తీగలు ఆనే గాళ్ల పట్టీ మీద, గట్టిగా ఆనవు. అందుకేగా ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ తల మీద తీగలను నొక్కి పట్టే ఆ చిన్న లోహపు కొక్కెం! కుంటికాలికి చేతికర్ర. మొదటి తీగ బిగువు సుమారు 7 కిలోలు. తీగ నట్ దగ్గర వంగే కోణం 13 డిగ్రీలైతే నట్ మీద కిలోన్నర బరువు పడుతుంది, 4 డిగ్రీలైతే అర కిలో. తేడా మీకే తెలుస్తుంది.

పాత చిత్రిక:
అర కిలో చాలదని ఎవరన్నారు? గాడి సరిగ్గా కుదిరితే తీగ పలుకుతుంది. గరగరమంటే తప్పు మన ఆకురాయిది. నొక్కుడు ఎక్కువైతే రాపిడి పెరిగి, సాగదీసి వదిలిన తీగ శ్రుతికి తిరిగి రాదు. గిబ్సన్ లెస్ పాల్ గిటార్ వాయించేవారిని మూడో తీగ గురించి అడిగి చూడండి. అటు మూడు, ఇటు మూడు ట్యూనర్లు (తీగలు చుట్టి బిగించే బిరడాలు) కాబట్టి ఆ తీగ పక్కకు కూడా ఒంగుతుంది. 17 డిగ్రీల గిబ్సనే 1960ల మధ్యలో 14కు దిగింది.

ఆరో తీగ:
తర్వాత మళ్లీ 17కు ఎక్కింది. అది చెప్పరేం?

విరిగిన మెడ:
నా పేరు చూస్తున్నారుగా. వాలు తల ఉన్న మహాగనీ మెడ, స్టాండ్ మీద నుంచి వెనక్కి పడి, నట్ వెనకే పుటుక్కుమంది. విరిగిన చోట చూస్తే చెక్క నార తల పొడవునా లేదు, ఏటవాలుగా బయటికి వచ్చేసింది. పైగా ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే లోహపు కడ్డీ) మర కోసం తొలిచిన గుంట కూడా సరిగ్గా అక్కడే. తప్పు వాలుది కాదు, ఒకే ముక్కలో వాలు కోయడానిది.

వాలు కావాలంటే అతుకు వేయండి. వేలిపలక (తీగలను వేళ్లతో నొక్కే పలక) వేరేగా వేసేటట్లయితే పలకను 20 మి.మీ.కు దించి 13 డిగ్రీల కోత పెట్టండి. దాదాపు 89 మి.మీ. వాలుముఖం వస్తుంది. కోసిన ముక్కను తిప్పి అతికిస్తే నార తల పొడవునా సాగుతుంది. క్లాంపు బిగించగానే రెండు ముక్కలూ జిగురు మీద సబ్బుముక్కల్లా జారతాయి, జాగ్రత్త. జిగురులో నాలుగు ఉప్పు రవ్వలు చల్లితే పట్టు దొరుకుతుంది. నవ్వకండి, నేను చేసిందే.

కొత్త ఉలి:
మొదటి మెడకే అతుకు అంటే చేతులు వణికాయి. తిన్నగానే కోశాను. నట్ దగ్గరి వంపు గుండ్రటి ముక్కకు గరుకు కాగితం చుట్టి తీశాను, పూర్తవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు తల 17 మి.మీ. ఉంది. ట్యూనర్ పెడితే పైనుంచి బిగించే మరకు పట్టు దొరకడం లేదు. వెనక నుంచి 3 మి.మీ. తీసేయనా?

పాత చిత్రిక:
వెనక వైపు ముట్టుకోకండి! అక్కడ ఎంత తీస్తే ట్యూనర్ అంత పైకి లేచి, తీగ కోణం ఇంకా తగ్గుతుంది. ముందు ముఖం వైపే తీయండి. తీగ చుట్లు మరింత కిందికి దిగుతాయి, కోణం కాస్త మిగులుతుంది.

ఆరో తీగ:
కోణం మిగలాలా? ఈ మాట అన్నది మీరేనా?