ముందుపన్ను క్యాప్ మళ్లీ ఊడింది. పన్ను ఉంచాలా, తీయించాలా?

కావలి కోడలు:
పొద్దుటి నుంచి ఫోను పట్టుకుని చదువుతూనే ఉన్నాను. తల నొప్పి వచ్చింది తప్ప ఒక్క ముక్క తేలలేదు. మొన్న ఆదివారం చేపల పులుసుతో అన్నం తింటుంటే మావారి సిరామిక్ క్యాప్ ఊడి కంచంలో పడింది. ఇలా కావడం ఇది మొదటిసారి కూడా కాదు. కావలిలో చూపిస్తే మళ్లీ పోస్టు, అదే పంటి వేరులోకి దించే పుల్ల, వేసి క్యాప్ పెడదామన్నారు. నెల్లూరులో ఇంకొకరు నోరు తెరిపించి చూడగానే పన్ను పీకించి, ఎముకలో బిగించే కట్టుడు పన్ను (ఇంప్లాంట్) వేయించుకోమన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ ఫీజు తీసుకున్నవాళ్లే. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. ఎవరి మాట వినాలో సూటిగా చెప్పండి.

ఒంగోలు బాబాయ్:
ఏ పన్ను? రూట్ కెనాల్ అయిందా? ఎక్స్‌రే ఏది?

కావలి కోడలు:
పై వరుసలో ముందుపన్ను, పైన రాశాను కదండీ. రూట్ కెనాల్ ఎప్పుడో అయింది. అది కాకుండా పోస్టు ఎలా వేస్తారు?

కనిగిరి మాస్టారు:
అమ్మా, పన్ను సంగతి తర్వాత, ముందు మీరు తాగే నీళ్ల సంగతి చూడండి. ఫ్లోరైడ్ అనగానే అందరూ నల్గొండ పేరు చెబుతారు. కానీ ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ను ఈ దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని ప్రమాణం. మా వైపు బోర్లలో అంతకు మించి ఉండే ఊళ్లు కోకొల్లలు. గారపట్టిన పళ్ల మీద సిమెంటు సరిగా పట్టదు. నీళ్లు కాచి తాగితే పోతుందనుకుంటారు, అది ఇంకా తప్పు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

సింగరాయకొండ శీను:
మాస్టారూ, ఆవిడ అడిగింది క్యాప్ గురించి.

పళ్ల ల్యాబు, నెల్లూరు:
అమ్మా, నేను వైద్యుడిని కాను, క్యాపులు తయారుచేసే ల్యాబులో పని. ఒక్క మాట చెప్పండి. ఊడిన క్యాప్ లోపల బోలుగా ఉందా, పుల్ల లాంటిది అతుక్కుని వచ్చిందా? బోలుగా ఉంటే చాలాసార్లు సిమెంటు మాత్రమే వదిలి ఉంటుంది. పుల్లతో సహా వస్తే కథ వేరు. ఇంకొకటి, మిగిలిన పన్ను చిగురు బయట ఎంత కనబడుతోంది?

కావలి కోడలు:
పుల్లతోనే వచ్చింది. తెల్లగా, సెంటీమీటరుకు కాస్త ఎక్కువ పొడవు. చివర పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. నోట్లో పన్నే లేదు. చిగురు అంచున గోధుమరంగు గుండ్రని గీత, నడుమ చిల్లు, అంతే. అది సిరామిక్ పోస్టు అని చెప్పి వేశారు.

గూడూరు నిమ్మతోట:
సిరామిక్ పోస్టు అయితే మంచిదే కదా. అందులో జిర్కోనియా అనే గట్టి రకం వేయించండి, ఉక్కులా ఉంటుంది. పన్నుకు బలం వస్తుంది.

పళ్ల ల్యాబు, నెల్లూరు:
పోస్టు పన్నుకు బలం ఇవ్వదండీ. పై కట్టడాన్ని పట్టి ఉంచడానికే అది. జిర్కోనియా పంటి లోపలి డెంటిన్ కంటే పది రెట్లు బిరుసు. దెబ్బ తగిలినప్పుడు తను వంగదు, వేరును నిలువునా చీలుస్తుంది. చీలిన వేరును ఎవరూ నిలబెట్టలేరు. పోనీ పోస్టు లోపల విరిగితే దాన్ని తవ్వి తీయడం నరకం. గ్లాస్ ఫైబర్ పోస్టు డెంటిన్‌తో పాటు కాస్త వంగుతుంది, అవసరమైతే తొలిచి తీయవచ్చు. అదీ తెల్లగానే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నీ సిరామిక్ అనే అంటారు. ఈవిడ భర్తకు వేసింది ఏదో రశీదు చూస్తే తెలుస్తుంది.

గూడూరు నిమ్మతోట:
మా అన్నకు జిర్కోనియా వేసి పదేళ్లు అయింది, ఏమీ కాలేదు.

పళ్ల ల్యాబు, నెల్లూరు:
మీ అన్నకు చిగురు బయట పన్ను మిగిలి ఉంటుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. రోకలికి పొన్ను ఎందుకు వేస్తారు? కొన చీలకుండా చుట్టూ పట్టి ఉంచడానికి. క్యాప్ అంచు కూడా అలాగే గట్టి పన్నును చుట్టూ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు పట్టుకోవాలి. ఈవిడ భర్తకు అలా పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. బరువంతా పోస్టు మీదే పడింది, జిగురు వదిలింది. అదే పద్ధతిలో ఇంకొకటి పెడితే మళ్లీ ఊడుతుంది. పోస్టు ఏ జాతిదన్నది ఆ తర్వాతి మాట.

ఒంగోలు బాబాయ్:
షుగరు ఉందా?

కావలి కోడలు:
ఉంది. మాత్రలు వేసుకుంటారు. రాత్రిళ్లు పళ్లు కొరుకుతారు కూడా, పక్కన నాకు నిద్ర ఉండదు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

ఒంగోలు బాబాయ్:
చాలా ఉంది.

పళ్ల ల్యాబు, నెల్లూరు:
పళ్లు కొరికేవారికి రాత్రి పెట్టుకునే గార్డు లేకపోతే ఏ క్యాపూ నిలవదమ్మా. షుగరు అదుపులో లేకపోతే ఇంప్లాంట్‌కూ ఇబ్బందే. వేరు పగలకుండా, పొడవుగా ఉంటే పన్నును కాపాడవచ్చు. చిగురు, ఎముక కొంచెం తగ్గించి పన్నును బయటపెట్టడం ఒక దారి. కానీ ముందుపన్ను కాబట్టి నవ్వినప్పుడు ఒకటే పొడుగ్గా కనబడుతుంది. రెండో దారి, క్లిప్పులు కట్టి వేరును కొన్ని వారాల పాటు నెమ్మదిగా కిందికి లాగడం. ఆ తర్వాతే ఫైబర్ పోస్టు, క్యాప్. వేరు కొసన రూట్ కెనాల్‌లో నింపిన పూడిక నాలుగైదు మిల్లీమీటర్లు చెక్కుచెదరకుండా ఉండాలి. ఇక చిగురు మీద చీముగుల్ల ఉన్నా, డాక్టరు చిగురు పక్కన దించి చూసే కొలపుల్ల ఒక్కచోటే లోతుగా దిగినా వేరు చీలిందని అనుమానించాలి. అది మామూలు ఎక్స్‌రేలో పడకపోవచ్చు.

కనిగిరి మాస్టారు:
నేను చెప్పిన నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

సింగరాయకొండ శీను:
మాస్టారూ, ఆ ఫ్లోరైడ్ గార చిన్నప్పుడు, పంటి పైపొర ఎనామెల్ ఏర్పడే వయసులోనే వస్తుంది. ఈ పంటికి ఎనామెలే మిగల్లేదు. అయినా కనిగిరి 2025 చివరి దాకా ప్రకాశం జిల్లాలోనే ఉంది కదా, నెల్లూరు ఘనత అంటారేమిటి?

కనిగిరి మాస్టారు:
1937లో ప్రకాశం జిల్లా ఎక్కడిది నాయనా? 1970లో ఏర్పడింది. అంతకుముందు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోవే. ఎనామెల్ మాట ఒప్పుకుంటాను, నీళ్ల మాట ఒప్పుకోను.

కావలి కోడలు:
అయితే ఇద్దరు డాక్టర్లలో ఎవరు కరెక్టు? పెళ్లికి ఆయన నోరు మూసుకుని కూర్చోవాలా?

పళ్ల ల్యాబు, నెల్లూరు:
వేరు చూడకుండా చెప్పలేం. పీకమన్నాయన చీలిక చూసి అన్నారో, చిగురు దాకా విరిగిందని అన్నారో అడగండి. ఇంప్లాంట్ అయినా ఎముకలో పట్టడానికి నెలలు పడుతుంది, పెళ్లికి అందదు. తీసి పెట్టుకునే పన్ను ఒకటి చేయిస్తే ఫొటోలకు సరిపోతుంది. ఊడిన క్యాప్ పారేయకుండా డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి.

ఒంగోలు బాబాయ్:
ఫెవిక్విక్ పెట్టకండి.

కావలి కోడలు:
అదే పెట్టబోయారు, నేనే లాక్కున్నాను. సరేనండీ, సోమవారం నెల్లూరు వెళ్తున్నాం. థాంక్స్.

గూడూరు నిమ్మతోట:
దవడపన్నుకు కూడా ఈ పొన్ను లెక్కే వర్తిస్తుందా? మా ఆవిడకు కింద ఒకటి సగం విరిగింది.

ఒంగోలు బాబాయ్:
ఎక్స్‌రే ఉందా?