మల్టిపుల్స్‌ని ఎంతవరకు తుడిచేయాలి?

పెన్నా ఒడ్డు: మాది నెల్లూరు. జియోఫిజిక్స్ చివరి ఏడాది. ప్రాజెక్టుకి ఒక మెరైన్ లైన్ ఇచ్చారు, అంటే ఓడ నుంచి శబ్దం పంపి, కింది పొరల ప్రతిధ్వనుల్ని ఒక గీత వెంట రికార్డు చేసిన డేటా. శబ్దం వెళ్లి రావడానికి పట్టే టైములో చూస్తే సముద్రం అడుగు 1.2 సెకన్ల దగ్గరుంది, అంటే నీళ్లు సుమారు 900 మీటర్లు. సరిగ్గా 2.4 దగ్గర మళ్లీ అదే అడుగు, వాలు రెట్టింపు! పైకొచ్చిన శబ్దాన్ని నీటి పైతలం తిప్పి కొడితే అది రెండోసారి వెళ్లొచ్చిందన్నమాట. ఇలాంటి దొంగ ప్రతిధ్వనే మల్టిపుల్. ఎస్‌ఆర్‌ఎమ్‌ఈ (డేటా నుంచే మల్టిపుల్స్‌ని అంచనా వేసి తీసేసే పద్ధతి) చేసి, మిగిలింది రాడాన్‌తో (వంపుని బట్టి వేరుచేసే పద్ధతి) తుడిచేశాను. సెక్షన్ (పొరల చిత్రం) అద్దంలా ఉంది. మా గైడ్ గారేమో ‘పొరలు కూడా పోయాయి కదయ్యా’ అన్నారు. శుభ్రంగా ఉంటే తప్పా?

ఒంగోలు గిత్త: తప్పే తమ్ముడూ. ఎస్‌ఆర్‌ఎమ్‌ఈ ఇచ్చేది అంచనా మాత్రమే. దాన్ని డేటాకి సరిపెట్టి తీసేసేటప్పుడు ఫిల్టర్ పొడవు పెంచి, విండో (ఒక్కోసారి సరిపెట్టే డేటా ముక్క) చిన్నది చేశావో, అసలు పొరలు కూడా దానికి సరిపోతాయి. రాడాన్‌దీ ఇదే గోల. ఎన్‌ఎమ్‌ఓ (రిసీవర్ దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని సరిచేయడం) తర్వాత మల్టిపుల్ వంగి ఉంటుంది, పొర చదునుగా ఉంటుంది. కానీ దగ్గరి ఆఫ్‌సెట్లలో, అంటే శబ్దం పంపిన చోటికి దగ్గరున్న రిసీవర్లలో, రెండూ చదునే. తీసేసిన భాగాన్ని విడిగా ప్లాట్ చేసి చూడు.

కావలి పాసింజర్: గిత్త గారూ, వదిలేస్తే మాత్రం? నీటి పైతలం పోలారిటీని (అల ఎగుడుదిగుడుల దిశని) తలకిందులు చేస్తుంది. గ్యాస్ ఉన్న ఇసక పొర పైభాగం కూడా చాలాసార్లు తలకిందులుగానే కనిపిస్తుంది. రేపెవరో ఆ మల్టిపుల్‌ని చూసి గ్యాస్ అని బావి తవ్విస్తే? పైగా ఇవి లోతు నీళ్ల కబుర్లు. కృష్ణపట్నం లాంటి ఒడ్డు దగ్గర 30 మీటర్ల నీళ్లుంటే ప్రతి 40 మిల్లీసెకన్లకీ ఒక మోత. అక్కడ దగ్గరి రిసీవర్లు ఉండవు కాబట్టి ఎస్‌ఆర్‌ఎమ్‌ఈ తడబడుతుంది, డీకాన్ (ఒకే వ్యవధితో తిరిగొచ్చే మోతల్ని తీసే ఫిల్టర్) గట్టిగా వాడాల్సిందే.

ఇస్కపల్లి బోటు: నేను ఈ చదువు చదవలేదు. మా మామ బోటులో ఫిష్ ఫైండర్ (శబ్దం పంపి అడుగుని చూపే పరికరం) ఉంది. అడుగు గట్టిగా ఉంటే గీత కింద ఇంకో గీత పడుతుంది, బురదైతే ఆ రెండోది మసకైపోతుంది. అది స్పష్టంగా కనబడితే మామ వల దించడు, రాయికి తగిలి చిరుగుతుందని. మీరు తుడిచేసేది అదేనా?

ఒంగోలు గిత్త: అదే బాబూ! మీ మామకున్న తెలివి మాలో కొందరికి లేదు. సముద్రం అడుగున నోడ్లు (రిసీవర్లు) పెట్టినచోట, పైతలం తాకి దిగొచ్చిన ఆ శబ్దంతోనే మిర్రర్ ఇమేజింగ్ చేస్తున్నారు. నేరుగా వచ్చినదానికంటే ఎక్కువ మేర కనిపిస్తుంది.

కావలి పాసింజర్: నోడ్లుంటే సరే. కుర్రాడి దగ్గరున్నది స్ట్రీమర్ (ఓడ వెనక లాగే రిసీవర్ల తీగ) లైన్. ఒకటే లైన్. ఏ మిర్రర్ చేస్తాడు?

పెన్నా ఒడ్డు: అన్నా, తీసేసింది ప్లాట్ చేశాను. 2.5 దగ్గర చదునుగా ఒక పొర, చక్కగా, మొత్తం నేనే తీసిపారేశాను. ఫిల్టర్ తగ్గించి మళ్లీ రన్ పెట్టాను. ఇప్పుడు 2.4 దగ్గర పాత దెయ్యం కొంచెం తొంగి చూస్తోంది. గైడ్ గారికి రెండు సెక్షన్లూ చూపిస్తా, ఏది తిడతారో చూడాలి.