ఇన్సులిన్ మానేయడం కోసం ఇమ్యూనిటీ తగ్గించే మందులు జీవితాంతం మింగొచ్చా?

తెనాలి అమ్మ:
మా పాపకి పన్నెండేళ్లు, టైప్ 1 షుగర్. స్టెమ్ సెల్స్ (మూల కణాలు) నుంచి చేసిన ఐలెట్ కణాలు, అంటే ఇన్సులిన్ తయారుచేసేవి, ఎక్కిస్తే 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకుండా పోయిందట. 2025 జూన్‌లో వచ్చిన వెర్టెక్స్ అనే మందుల కంపెనీ ట్రయల్ ఫలితం ఇది. ఇక్కడికి రాగానే చేయించేద్దామంటారు మా ఆయన. కొత్త కణాల్ని ఒళ్లు చంపేయకుండా రోజూ మందులు మింగాలి కదా అని నా భయం.

కిడ్నీ మార్పిడి బాబాయ్:
ఆ మందు టాక్రోలిమస్ నేను వాడుతున్నానమ్మా. పొద్దున, రాత్రి ఒకే టైముకి పడాలి. లెవెల్ పెరిగిందంటే కాఫీ గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణుకుతుంది. పంపరపనస కూడా తినొద్దన్నారు. మన దగ్గర టీబీ భయం ఒకటి. నాకు కిడ్నీ లేక గతిలేదు, మింగుతున్నా. పాపకి ఇన్సులిన్ ఉందిగా!

రాత్రి మూడింటి అలారం:
బాబాయ్, ఇన్సులిన్ ఉంది సరే. నాకు షుగర్ 40కి పడినా చెమట పట్టదు, వణుకు రాదు, నేరుగా స్పృహే పోతుంది. సెన్సర్ మోగితే మా ఆవిడ లేచి నోట్లో గ్లూకోజ్ పోస్తుంది. ఆ ట్రయల్‌లో చేర్చుకున్నది నాలాంటి వాళ్లనే, పన్నెండేళ్ల పిల్లల్ని కాదు. నాకు ఛాన్స్ వస్తే రేపే వెళ్తా.

కిడ్నీ మార్పిడి బాబాయ్:
అదే ట్రయల్‌లో ఒకరు క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌తో, అంటే మెదడు పొరలకి ఫంగస్ సోకి, పోయారు. అదీ చదువు నాయనా.

ల్యాబ్ కోటు:
ఇద్దరి మాటా నిజమే గానీ అసలు చిక్కు వేరే. టైప్ 1లో దాడి రెండు వైపుల నుంచి. పరాయి కణం అని ఒకటి, ఇన్సులిన్ చేసే బీటా కణం కాబట్టి, అసలు జబ్బుకి మూలమైన పాత పగ ఒకటి. సొంత కణాలతో చేసినా రెండోది పోదు. చైనాలో 2024లో సొంత కణాలతో ఇన్సులిన్ మానేసిన అమ్మాయిని అందరూ చూపిస్తారు. ఆమెకి అంతకుముందే లివర్ మార్పిడి జరిగింది, ఆ మందులు ఎలాగూ వాడుతోంది. కాబట్టి మందుల్లేకుండా నిలుస్తాయా అన్నది అక్కడ తేలలేదు.
పైగా టాక్రోలిమస్ బీటా కణాలకే విషం. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో దాతల ఐలెట్లు ఎక్కిస్తే ఏడుగురికి ఏడుగురూ ఇన్సులిన్ మానేశారని లోకమంతా పండగ చేసుకుంది. తర్వాత మరింతమందికి చేసి ఐదేళ్లు చూస్తే, మానేసి ఉన్నవాళ్లు నూటికి పదిమందే.

తెనాలి అమ్మ:
మరి డబ్బీలో పెట్టి దాచేది ఏదో ఉందన్నారు?

ల్యాబ్ కోటు:
వెర్టెక్స్ వాళ్లే అదీ ప్రయత్నించి 2025 మార్చిలో ఆపేశారు, ఇన్సులిన్ చాలినంత రాలేదని. డబ్బీల కథ ఎప్పుడూ ఇంతే. రక్షణ కణాలు లోపలికి రావు, రక్తనాళాలూ రావు. చుట్టూ మచ్చ కట్టేస్తే ఆక్సిజన్ అందక కణాలు చస్తాయి.
నాకు ఆశ ఉన్నది స్వీడన్ ఉప్సలా కేసు మీద. దాత కణాల మీద గుర్తింపు జెండాల్లాంటి హెచ్‌ఎల్‌ఏలను జన్యు మార్పుతో తీసేశారు. జెండా లేని కణాన్ని ఎన్‌కే కణాలు (ఒక రకం రక్షణ కణాలు) వదలవు, అందుకని "నన్ను తినొద్దు" అని చెప్పే సీడీ47ను పెంచారు. ఒకాయన ముంజేతి కండలో పెడితే ఏ మందూ లేకుండా బతికి ఇన్సులిన్ ఇచ్చాయి. డోసు చాలా తక్కువ, ఆయన ఇంజెక్షన్ మానలేదు.

కిడ్నీ మార్పిడి బాబాయ్:
ఒంటికి కనపడని కణం రేపు క్యాన్సరైతే దాన్ని పట్టుకునేదెవరు?

ల్యాబ్ కోటు:
సరైన ప్రశ్న. ముంజేతిలో అయితే కోసి తీసేయొచ్చు, లివర్లోకి ఎక్కిస్తే కుదరదు. అందుకే పాప విషయంలో నా ఓటు ఆగమనే. అలారం అన్నకైతే మందులతో అయినా సరే అంటా.

రాత్రి మూడింటి అలారం:
మా ఆవిడకి ఇది చదివి వినిపించా. టీబీ టెస్టు ముందు చేయించుకో, తర్వాత మాట్లాడదాం అంది.